నాలుగు టీవీల పంచాయితి

1988 ఫిబ్రవరి ఏడవ తేదీ, ఆదివారం, పొద్దున పదకొండుంపావు. బెల్లంపల్లిలో ఒక బొగ్గుగని కాలనీ వాకిట్లో, ఊరి పెద్దమనుషులంతా చూస్తుండగా, నేను రెండు బటన్లు కలిపి నొక్కి ఒక మనిషి పెళ్లిని చెరిపేయడం మొదలుపెట్టాను. ఆ మనిషి అప్పటికే చనిపోయాడు కాబట్టి నన్ను ఏమీ అనలేకపోయాడు. ఆ లోటు మిగతావాళ్లు తీర్చారు.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. మా ఆయనకు బజారులో వీడియో షాపు ఉండేది. క్యాసెట్లు, వీసీఆర్, టీవీ కిరాయికి ఇచ్చేవాళ్లం, కుర్రాళ్లను పంపి పెళ్లిళ్ల వీడియోలు కూడా తీయించేవాళ్లం. షాపు ఆయనది, పెత్తనం నాది. ప్రతి క్యాసెట్‌కూ నంబరు, ప్రతి వైరుకూ చీటీ. చుట్టిన వైరులో ఒక చుట్ట పెద్దది, ఒకటి చిన్నది అయితే విప్పి మళ్లీ చుట్టేదాన్ని. షాపుకొచ్చిన వాళ్లు నన్ను చూడగానే జేబుల్లోంచి చేతులు తీసి నిలబడేవాళ్లు. ఇంత జాగ్రత్త గల మనిషి చేతిలో ఏం పాడవుతుంది అనుకుంటున్నారు కదా. నేనూ అదే అనుకునేదాన్ని.

సంగతి ఇది. కాలనీలో ఓదెలు అనే కార్మికుడు గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. వయసు ఇరవై ఎనిమిది. అతని కొలువు ఇంట్లోవాళ్లలో ఒకరికి రావాలి. భార్య కనకలక్ష్మి తనకు రావాలంది. ఓదెలు తమ్ముడు కొమురయ్య అసలు ఆమె భార్యే కాదన్నాడు. "మా అన్న ఆమెను ఎంట దెచ్చుకున్నడు, గంతే. పెండ్లి గాలే" అని కాలనీ అంతా చెప్పి వచ్చాడు. మేనమామ పోశం కూడా మేనల్లుడి పక్కనే నిలబడి, "మావోనికి పెండ్లయితే నాకు ఎర్కలేకుంటదా?" అన్నాడు. పెళ్లి ఫోటోల ఆల్బం కొమురయ్య ఇంట్లో ఉండేది. అడిగితే, చెదలు పట్టిందన్నాడు. చెదలు ఆ ఇంట్లో ఇంకే వస్తువునూ ముట్టలేదు.

కనకలక్ష్మికి మిగిలింది ఒకే ఒక్క వీడియో క్యాసెట్. మూడేళ్ల కింద లక్సెట్టిపేటలో ఆమె పుట్టింటి ముందర జరిగిన పెళ్లి అందులో ఉంది. పెద్దమనుషులు కూర్చుని చూసి, పెళ్లి అయిందని రాసిస్తే గని ఆఫీసు వాళ్లు ఒప్పుకుంటామన్నారు. పెద్దమనుషులకు పెద్ద సర్దార్ రాజలింగు. నలభై ఏళ్లు గనిలో మనుషులను పనికి దింపిన ముసలాయన. ఎవరు అబద్ధమాడినా కన్ను ఆర్పకుండా చూస్తాడు.

అయితే ఒక్క టీవీతో ఎట్లా చూస్తారు? పంచాయితి అంటే రెండు పక్షాలు ఎదురెదురుగా కూర్చోవాలి. నడుమ పెద్దమనుషులు. ఆడవాళ్లు వేరే. ఎవరి చోటు నుంచి వాళ్లు లేవకూడదు, అవతలి పక్షంలోకి అడుగు పెడితే ఓడిపోయినట్టు లెక్క. ఒక్క టీవీని ఎటు తిప్పినా మిగతా మూడు వైపులవాళ్లకు దాని వీపే కనబడుతుంది.

"నాలుగు టీవీలు పెట్టాలె" అన్నాడు రాజలింగు. "నాలుగింట్ల ఒక్క తీరుగనే రావాలె. మల్ల మా దాంట్ల గిట్ల రాలే, వాళ్ల దాంట్ల గట్ల వచ్చింది అని ఎవ్వలు అనొద్దు."

ఆ రోజు మా ఆయనకు చలిజ్వరం. గొంగడిలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి, "నేను రానా?" అన్నాడు.

"మీరు పండుండ్రి. నాలుగు వైర్లే గదా" అన్నాను.

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. నేను తలుపు దగ్గరకేశాను.

పొద్దున్నే కనకలక్ష్మి క్యాసెట్ తెచ్చి, నా చేతిలో పెట్టింది. పసిపిల్లను ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చింది. తిప్పి చూస్తే వెనకవైపు అంచున చిన్న ముక్క విరిగిపోయి ఉంది. నాకు ప్రాణం చివుక్కుమంది. ఆ పిల్లకు ఉన్నది ఒక్క క్యాసెట్, అది కూడా విరిగిందా అని, కత్తెరతో అంటుటేపు ముక్క చదరంగా కత్తిరించి, ఆ బొక్క మీద గాలి బుడగ లేకుండా అంటించాను. ఎంత నీటుగా ఉందో చూసి మురిసిపోయాను. ఎవరూ దాని మీద మళ్లీ ఏమీ ఎక్కించకుండా ఉండడానికి మా ఆయనే ఆ ముక్కను కావాలని విరిచి ఇస్తాడని నాకు తెలియదు. నంబర్లు రాయడం నా పని, విరవడం ఆయన పని. ఒకరి పని ఒకరు అడగలేదు.

వాకిట్లో నాలుగు స్టూళ్ల మీద నాలుగు టీవీలు పెట్టించాను. ఒకటి మా షాపుది, రంగులది. మూడు కాలనీ వాళ్లవి, నలుపు తెలుపువి. ఒక డబ్బాలోకి వీసీఆర్ వైరు పోయి, నాలుగు వైర్లుగా బయటికి వస్తుంది. నాలుగు వైర్లూ నలుగురు కోడళ్లలా ఎవరి దారిన వాళ్లు పోయారు.

కొమురయ్య రంగుల టీవీ వైపు చూసి, "గదేంది, వాళ్లకు రంగులది, మాకు నల్లదా?" అన్నాడు.

"గది పెద్దమనుషులది, కొమురయ్యా."

"ఎవ్వలదైతేంది. పెద్దమనుషులకు రంగులల్ల ఒక తీరు కనబడ్తది, మాకు ఇంకో తీరు కనబడ్తది. గిది న్యాయమేనా?"

న్యాయం కాదనిపించింది. వెళ్లి రంగుల టీవీలో రంగంతా తగ్గించి నలుపు తెలుపు చేశాను. నాలుగు దీపాలు పెట్టినట్టు నాలుగూ ఒకే తెలుపుకు రావాలి కదా. అట్లా సరిచేయాలంటే ఏదో ఒక బొమ్మ ఆడుతుండాలి. పెళ్లి క్యాసెట్ వేసి సరిచేద్దామంటే, అది ఊరికే తిరిగి అరిగిపోతుందేమోనని నాకు భయం. కనకలక్ష్మికి ఉన్నది అదొక్కటే. కాబట్టి ముందు ఢిల్లీ నుంచి వచ్చే టీవీ కార్యక్రమం పెట్టి సరిచేద్దామనుకున్నాను. మా ఆయన క్రికెట్టు ఆట వచ్చినప్పుడు ఒక నల్ల బటను, ఒక ఎర్ర బటను కలిపి నొక్కడం చూశాను. నొక్కగానే ఢిల్లీ బొమ్మ వచ్చేది. ఆ బటన్లు ఉన్నదే అందుకనుకున్నాను. క్యాసెట్ అప్పటికే లోపల పెట్టి సిద్ధంగా ఉంచాను. అన్నీ ముందే సిద్ధం చేసుకోవడం నా అలవాటు.

నొక్కాను. నాలుగు టీవీల్లోనూ ఒక పశువుల డాక్టరు హిందీలో గొర్రెకు మందు ఎట్లా తాగించాలో చెప్తూ ప్రత్యక్షమయ్యాడు. వాకిలంతా హాయిగా నిట్టూర్చింది.

"సుశీలక్కా, నువ్వు మొగోళ్లకంటే మంచిగ చేసినవ్" అన్నాడు రాజలింగు. అంతటి మనిషి మెచ్చుకోవడం అదే మొదలు. నాకు తలకెక్కింది.

ఇక చూడండి నా పనితనం. మొదటి టీవీలో గొర్రె కొంచెం తెల్లగా ఉంది, తగ్గించాను. ఆడవాళ్ల టీవీలో గొర్రె కాళ్లు సాగుతున్నాయి, సరిచేశాను. కొమురయ్య టీవీలో గొర్రె తల కిందికి జారి కాళ్లు నెత్తి మీదికి వస్తున్నాయి. దాని వెనక చిన్న మర ఉంది, తిప్పాను.

"అక్కా, మా గొర్రె ఆగుతలేదు."

"ఆగు కొమురయ్యా, జర సబర్ చెయ్."

"వాళ్ల గొర్రె ఆగింది గదా."

"మీది సుత ఆగుతది. ఫికర్ జేయకు."

కనకలక్ష్మి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒకసారి నా దగ్గరికి వచ్చి మెల్లగా, "అక్కా, ఎంతసేపు వడ్తది?" అంది. ఓదెలు ముఖం చూసి నాలుగు నెలలైందట. ఇంట్లో వీసీఆర్ లేదు. పంచాయితి సంగతి ఎట్లున్నా, చూడడానికే వచ్చినట్టుంది. "ఇగ అయిపోయింది బిడ్డా" అన్నాను. అది నిజమే. అంత నిజమని నాకు తెలియదు.

నాలుగు గొర్రెలూ ఒకే తెలుపుకు, ఒకే ఎత్తుకు వచ్చేసరికి నలభై ఏడు నిమిషాలు పట్టింది. నేను వాకిలి నడుమ నిలబడి గొంతు సవరించుకుని, "ఇగ పెండ్లి చూడుండ్రి" అని, క్యాసెట్‌ను మొదటికి తిప్పి నల్ల బటను నొక్కాను.

గొర్రె వచ్చింది.

"ఇంకా ఢిల్లీయే వస్తున్నదక్కా" అన్నారెవరో.

"ఆగుండ్రి, మారుతది."

మారలేదు. ఆ డాక్టరు మళ్లీ చేతులు కడుక్కున్నాడు. మళ్లీ సీసా మూత తీశాడు. రాజలింగు ముందుకు వంగి, కళ్లు చిట్లించి, "గీ గొర్రెను ఇందాకనే జూసిన" అన్నాడు.

మా ఆయన ఆ రెండు బటన్లు నొక్కింది ఆటను చూడడానికి కాదు, క్యాసెట్‌లోకి ఎక్కించడానికని అప్పుడు వెలిగింది. ముందుకు తిప్పాను, గొర్రె. ఇంకా తిప్పాను, గొర్రె. చాలా ముందుకు తిప్పాక బొమ్మ చెదిరి, పెళ్లి భోజనాలు వచ్చాయి. బంతిలో కూర్చుని అన్నం కలుపుకుంటున్న చేతులు, పప్పు వడ్డిస్తున్న గరిట. పెళ్లికొడుకు లేడు, పెళ్లికూతురు లేదు. ఎవరి పెళ్లో ఆ పప్పుకు మాత్రమే తెలుసు. క్యాసెట్ చివరిదాకా తినడమే.

కొమురయ్య లేచి నిలబడ్డాడు. "ఇగ ఏమున్నది సర్దార్? ఎవ్వలో బువ్వ తిన్నరు. బువ్వ తినుడు పెండ్లయితదా?"

నేను వీసీఆర్ ముందర మోకాళ్ల మీద కూర్చుని, అది నా మాట వింటుందేమో అన్నట్టు దాన్ని నిమురుతున్నాను.

కనకలక్ష్మి ఏడవలేదు. దగ్గరికి వచ్చి అడిగింది. "అక్కా, బాసింగం కట్టేటప్పుడు ఆయన నన్ను జూసి నవ్విండు. గది సుత పోయిందా?"

"పోయింది బిడ్డా."

ఆమె తల ఊపి వెళ్లి మళ్లీ గోడ దగ్గర కూర్చుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. వాకిట్లో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

అప్పుడు పోశం మామ మెల్లగా లేచాడు. ఉతికిన ధోతి, కొత్త తువ్వాల. కట్టెపుల్లలా ఎండిన మనిషి. ఆ రోజు అంత నీటుగా ఎందుకు వచ్చాడో అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, బరాత్‌ల నేను ఆడింది? గది సుత పోయిందా?" అన్నాడు.

వాకిట్లో పప్పు వడ్డించే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

"ఏ బరాత్ పోశం?" అన్నాడు రాజలింగు, అంతే మెల్లగా.

"మామా, ఊకో" అన్నాడు కొమురయ్య.

"ఊకో ఏంది రా? మూడేండ్ల సంది చూడాలె చూడాలె అనుకుంటున్న. బ్యాండోళ్లు సుత ఆగి చూసిండ్రు నా ఆట. నా ఓదెలుగాడు నా మీద పైసలు ఇసిరిండు." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు జనరేటర్ బండి నూకినవ్. నువ్వు నూకింది సుత పోయింది పో."

కొమురయ్య కూర్చున్నాడు. పెద్దమనుషులు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. రాజలింగు కాగితం తెప్పించి, పెళ్లి అయిందని రాయించాడు. మొదటి వేలిముద్ర పోశం మామదే. వేసేటప్పుడు కూడా నా వైపు చూసి, "ఇంకోసారి తీయరాదా అమ్మా ఆ టేపు" అన్నాడు.

కనకలక్ష్మికి గని పైన, కార్మికులకు దీపాలిచ్చే గదిలో కొలువు వచ్చింది. నాకు మాత్రం ఇంట్లో పంచాయితి జరిగింది. మా ఆయన జ్వరం తగ్గాక అంతా విని, "ఆ ముక్క నేనే ఇరగ్గొట్టిన. నువ్వు అతికిచ్చినవ్" అని మాత్రం అన్నాడు. నా పనితనం వల్లే కొలువొచ్చిందని నేను చెప్పుకోబోతే, "గొర్రె పేరు సుత చెప్పు" అన్నాడు.

అందుచేత, ఇది చదివే మీరంతా సాక్షులుగా, నేను ప్రమాణం చేస్తున్నాను. ఎర్రగా ఉన్న ఏ బటనునూ, అది టీవీది గాని, లిఫ్టుది గాని, మనవడి ఆటబొమ్మది గాని, నా ప్రాణమున్నంత వరకు నొక్కను. విరిగి ఉన్న దేన్నీ, ఎందుకు విరిగిందో అడగకుండా అతికించను. నలుగురికీ ఒకే తీరుగా కనబడాలని మళ్లీ ఎన్నడూ పట్టుబట్టను.

ఆ మధ్యాహ్నం పోయినవి, తర్వాత కనకలక్ష్మి చెప్పగా నేను రాసుకున్నవి ఇవి. బాసింగం కట్టేటప్పటి నవ్వు. పుస్తె కట్టేటప్పుడు వణికిన చేతులు. తలంబ్రాలు పోస్తూ "జర ఆగు" అని ఆమెతో అన్న ఒక్క మాట, ఓదెలు సొంత గొంతుతో. బరాత్‌లో పోశం మామ ఆట. మొత్తం నలభై ఏడు నిమిషాలు. వేరే నకలు లేదు.