నన్ను సాయిలు ఇంటికి పంపిన పెద్ద సిస్టర్

మా పెద్ద సిస్టర్ పోయారని బుధవారం పొద్దున సంగారెడ్డి నుంచి ఆమె అక్క కొడుకు ఫోన్ చేశాడు. అప్పుడు నేను నర్సింగ్ విద్యార్థినుల క్లాసులో ఉన్నాను. రోగికి మేలు చేయాలి, కీడు చేయకూడదు, రోగి ఇష్టాన్ని గౌరవించాలి, అందరినీ ఒక్క తీరుగా చూడాలి అని బోర్డు మీద రాసి, వివరించబోతున్నాను. ఆఫీసులో ఫోన్ మాట్లాడి తిరిగి వచ్చాక ఆ పాఠం నా వల్ల కాలేదు. దాని బదులు ఆమె గురించి చెప్పాను. బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు. వాళ్ళకు చెప్పింది, చెప్పడానికి నోరు రాక దాటేసింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

తొంభైల మొదట్లో నేను పటాన్‌చెరులో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరాను. బొంబాయి రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉండేది. ఇద్దరు డాక్టర్లు, ఆరుగురం నర్సులం. మా అందరి మీద హెడ్ నర్సు ఆమె, పెద్ద సిస్టర్ అని పిలిచేవాళ్ళం. అప్పటికే జుట్టు సగం నెరిసింది. ఆదివారం చర్చి నుంచి నేరుగా వార్డుకు వచ్చేది, చేతిలో బైబిలుతో పాటు రోగుల కోసం నిమ్మకాయలు. చలికాలంలో ఎవరి కడుపు మీదైనా చెయ్యి పెట్టే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేది. "చెయ్యి వెడ్తున్న, సరేనా తల్లీ?" అని అడిగి, ఆ మనిషి తలూపే దాకా ఆగేది. నాకు అది కాలయాపన అనిపించేది. అప్పుడు ఇరవై రెండేళ్ళు నాకు, అన్నీ జల్దీ అయిపోవాలి.

ఆపరేషన్ కాగితాల మీద వేలిముద్ర వేయించుకోవడం మా పని. ఆమె మాత్రం కాగితం మొత్తం చదివి వినిపించి, "ఇప్పుడు నీకేం సమజైందో నాకు చెప్పు" అని రోగి చేత చెప్పించుకున్నాకే సిరా డబ్బా తీసేది. ఒకసారి ఒక ఫ్యాక్టరీ పెద్దమనిషి కారులో వచ్చి, క్యూ దాటి తన తల్లిని ముందు చూడమన్నాడు. ఆమె ఆ ముసలమ్మ నాడి చూసి, కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, "దమ్ము ఆడనోళ్ళు ముగ్గురున్నరు సార్. వాళ్ళ తర్వాత అమ్మనే" అంది. గొంతు పెంచలేదు. ఆయన పోయి తల్లి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

ఇక సాయిలు సంగతి.

సాయిలు ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. భార్య బాలమణితో పటేల్‌గూడలో కిరాయి గదిలో ఉండేవాడు. దగ్గుతో వచ్చాడు. కఫం పరీక్షలో టీబీ అని తేలింది. తన తమ్ముళ్ళకు కూడా తెలియనీయొద్దని బతిమాలి, రోజూ వచ్చి మా ముందే మందు వేసుకునేవాడు. కొన్ని వారాలకు దగ్గు తగ్గింది. ఇక ఎవరికీ అంటదని డాక్టరుగారు కూడా చెప్పారు.

మా అన్న అదే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మాది వెలిమెల. ఒక ఆదివారం ఇంటికి పోయినప్పుడు, అన్నం తింటూ అన్న దగ్గాడు. ఇక అంటదని తెలిసినా నాకు సాయిలే గుర్తొచ్చాడు. "అన్నా, మీ తాన సాయిలు అని ఉన్నడు గద, ఆయనకు టీబీ. జెర దూరముండు" అన్నాను. ఒక్క మాట. అన్న బాగు కోరే అన్నాను. అన్న తన కింద పనిచేసేవాళ్ళ బాగు కోరి, కూలీల హాజరు వేసే టైమాఫీసులో చెప్పాడు. ఆ గురువారం సాయిలును గేటు దగ్గరే ఆపేశారు.

మరునాడు బాలమణి ఆసుపత్రికి వచ్చి, అందరి ముందు నిలబడి అరిచింది. "మా ఇంటాయన బీమారి మీకు దప్ప ఎవ్వలకు ఎర్క లేదు. గేటుకాడికి ఎట్ల వోయింది? మిమ్ముల నమ్మి వస్తిమి గద!"

పెద్ద సిస్టర్ ఆమె చెప్పిందంతా విని, మమ్మల్నందరినీ డ్యూటీ గదిలోకి పిలిచి అడిగింది. నేను నోరు విప్పలేదు. ఆమె నా వైపు ప్రత్యేకంగా చూసిందీ లేదు. కానీ ఆ రోజు నేను రాసిన ప్రతి చార్టులో ఏదో ఒక తప్పు. మరునాడు పొద్దున్నే ఆమె గదికి పోయి ఏడుస్తూ చెప్పేశాను.

ఆమె తిట్టలేదు. నేను ఏడుపు ఆపాక అంది, "నాకు చెప్తె ఏం ఫాయిద బిడ్డా? చెప్పాల్సినోడు పటేల్‌గూడల ఉన్నడు."

"నేను పోలేను సిస్టర్. నన్ను కొడ్తరు."

"నేనొస్త. గని మాట నువ్వే చెప్పాలె."

షేర్ ఆటోలో పోయాం. గదిలో సాయిలు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను చేసింది చేసినట్టు చెప్పాను. మా అన్న పేరు కూడా దాచలేదు. బాలమణి గిన్నెలు తోముతూనే ఉంది. సాయిలు, "నా తమ్ముళ్ళకు చెప్పలే సిస్టరమ్మా. మీకు చెప్పిన" అన్నాడు. అంతే అన్నాడు. కొట్టినా బాగుండేది.

ఆసుపత్రికి ఇక రానన్నాడు. మందు కూడా వద్దన్నాడు. మధ్యలో ఆపితే ఆ జబ్బు మొండికేస్తుందని మా ఇద్దరికీ తెలుసు. తిరిగి వస్తూ ఆటోలో పెద్ద సిస్టర్ అంది, "ఆయన రాడు. ఇగ మనమే పోవాలె. మనం అంటే నువ్వు. రేపటి సంది రోజూ డ్యూటీకి ముందుగాల పో. తెల్లచీర కట్టుకొని పోకు, వాడకట్టంత సూస్తది. చుట్టపామె లెక్క పో."

"ఏసుకోను అంటె?"

"ఎందుకేసుకోవాల్నో చెప్పు. ఏసుకోకుంటె ఏమైతదో అదీ చెప్పు, దాయకు. బలిమి జెయ్యకు, మొక్కకు. పానం ఆయనది, పెయ్యి ఆయనది."

"అయినా వద్దంటె?"

"మల్ల తెల్లారి పో."

మొదటి రోజు తలుపు తెరవలేదు. రెండో రోజు బాలమణి తెరిచి, నన్ను చూసి మూసేసింది. మూడో రోజు వాన. చూరు కింద నిలబడి, తలుపు సందులోంచి వినిపించేలా మెల్లగా, ఆమె చెప్పమన్నట్టే చెప్పాను. మందు ఆపితే ఏమవుతుందో, తిరగబెడితే ఇంట్లోవాళ్ళకూ ఎట్లా అంటుకోవచ్చో. నాలుగో రోజు సాయిలే తలుపు తీసి చెయ్యి చాపాడు. నా మొహం చూడలేదు. మాత్రలు మింగి, చెంబు కింద పెట్టి లోపలికి పోయాడు. నేను అటునుంచటే డ్యూటీకి పోయాను.

మా అన్న మాత్రం చాలా రోజులు ఒక్కటే మాట అన్నాడు, "నా మంచికే చెప్తివి గద చెల్లె, గిదేం తప్పు?"  అన్నను తప్పుపట్టే హక్కు నాకు లేదు. చెప్పింది నేను.

పెద్ద సిస్టర్ అక్కడితో ఆగలేదు. సాయిలును అడిగి, ఆయన సరేనన్నాకే, డాక్టరుగారితో పనికొస్తాడని కాగితం రాయించింది. అందులో జబ్బు పేరు లేదు. దాన్ని పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి పోయింది. మొదటి రెండు రోజులు గేటు దగ్గరి బెంచీ మీదే కూర్చోబెట్టి పంపేశారు. మూడో రోజు ఆఫీసరు పిలిచాడు.

"ఏం జబ్బో రాయలేదేమ్మా?"

"పనికొస్తడా లేదా, అది మీరు తెలుసుకోవాలె సార్. పనికొస్తడని డాక్టరుగారు రాసిండ్రు."

"మాకు ఆల్రెడీ తెలుసు గదా."

"తెల్వకూడని తొవ్వల తెల్సింది. అది మా తప్పు. మా తప్పుకు ఆయన కొలువు ఎందుకు పోవాలె?"

ఆయన చూస్తామన్నాడు. చూడలేదు. మళ్ళీ పోయాం, మళ్ళీ చూస్తామన్నాడు. ఆ ఫ్యాక్టరీ సాయిలును తీసుకోనే లేదు. చివరికి పెద్ద సిస్టర్ పోయే చర్చికి వచ్చే ఒక కాంట్రాక్టరు, అదే కాగితం చూసి, ఇంకేమీ అడగకుండా వేరేచోట పనిలో పెట్టుకున్నాడు. జీతం మునుపటి కంటే తక్కువ. నెలల తరబడి మందు వాడి సాయిలు పూర్తిగా కోలుకున్నాడు. ఆఖరి మాత్రల రోజు బాలమణి నాకు చాయ్ ఇచ్చింది. నేను సగం తాగాక అంది, "రోజు వచ్చినవ్, మందిచ్చినవ్, మంచిదే. గని నీ ముంగట మా ఇంటి ముచ్చట మాత్రం ఎన్నడు మాట్లాడ."

వచ్చి పెద్ద సిస్టర్‌కు చెప్పాను, ఆమె ఇంకా క్షమించలేదని. "నిజమే చెప్పింది గద" అంది ఆమె. "క్షమిస్తదని పోయినవా ఏంది?" తర్వాత నిమ్మకాయ నీళ్ళు కలిపి నా చేతికిచ్చి, మూడో మంచం రోగికి సెలైన్ మార్చమంది. ఆ రోజు నుంచి మళ్ళీ మామూలుగా నా మీద కేకలు వేయడం మొదలుపెట్టింది. అది నాకు ఎంత ధైర్యమిచ్చిందో ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

ఈ ఏడు ఎండాకాలం ఆమెను హైదరాబాదులో పెద్దాసుపత్రిలో చేర్చారు. కడుపులో గడ్డ, అప్పటికే కాలేయానికి పాకింది. ఆమెకు చెప్పొద్దని అక్క కొడుకు డాక్టర్లను బతిమాలాడు. నేను చూడబోతే నా చెయ్యి పట్టుకుని, "నీకు ఎర్కనే గద. నాకు ఎందుకు చెప్తలేరు?" అంది. అప్పటికప్పుడు నోట్లోంచి రాబోయింది, ఆపుకున్నాను. చెప్పాల్సింది వైద్యం చేస్తున్న డాక్టరు. బయటికొచ్చి ఆ అక్క కొడుకుతో, "మీ చిన్నమ్మ అడుగుతున్నది. అడిగినంక దాస్తె మనల నమ్ముతదా?" అన్నాను. చాలాసేపు ఏడ్చాడు. తర్వాత తానే డాక్టరును పిలుచుకొచ్చాడు.

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చుని, అంతా చెప్పాడు. ఆమె రెండే ప్రశ్నలు అడిగింది. "నొప్పి ఎంతుంటది? ఇంటికాడ మందు ఇయ్యచ్చా?" జవాబులు విని, ఇక సూదులొద్దు, సంగారెడ్డికి పోతానంది. ఎవరూ కాదనలేదు.

మరునాడు డిశ్చార్జి. చక్రాల కుర్చీ వద్దంది. ఒక చెయ్యి నా భుజం మీద, ఒకటి గోడ మీద ఆనించి మెల్లగా వార్డు దాటుతోంది. తలుపు దగ్గర మంచం మీద ఒక పల్లెటూరి ఆమెకు చిన్న నర్సు ఒకతె కట్టు మారుస్తోంది. జాకెట్టు విప్పి ఉంది, ఆ రోగి మొహం గోడవైపు తిప్పుకుంది. వరండాలో జనం. పెద్ద సిస్టర్ ఆగింది. నా భుజం మీది చెయ్యి తీసి, రెండడుగులు వేసి, మంచం తలాపున ఒక మూలకు నెట్టి ఉన్న తెరను పట్టుకుంది. రింగులు తుప్పు పట్టి కదల్లేదు. నేను సాయం పోబోతే తల అడ్డంగా ఊపింది. ఊపిరి తీసుకుంటూ, ఆగుతూ, ఒక్కొక్క రింగే జరుపుకుంటూ, ఆ తెరను ఆ కొస దాకా లాగింది.