మూత తెరిచినా తిరిగిన మిషన్

ధర్మవరంలో పట్టుదారానికి పురిపెట్టే షెడ్డు నడిపే ఆవిడ పొద్దున్నే ఫోన్ చేసింది. నేనుండేది హిందూపురంలో.

"మూత తెరిసే ఉండాదమ్మా. తెగిన పోగు ముడేస్తాంటే మిషన్ తిరిగింది. వేలు చీరుకపాయ."

ఆ మిషన్‌కు కంట్రోల్ బోర్డు చేసి బిగించింది నేనే. మూత తెరిస్తే మోటారు ఆగి తీరాలి. స్కూటర్ మీద పోతున్నంతసేపూ ఆమె వేలే కళ్ల ముందు ఆడింది.

ఆమె వేలికి గుడ్డ చుట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. నన్ను చూసి షెడ్డు తలుపు తీసింది. తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది.

షెడ్డులోని రెండు మిషన్లూ ఆపించి, ఆమె వేలు చీరిన మిషన్‌కు మోటారు తీగలు ఊడదీసి, మూత తెరుస్తూ మూస్తూ చూశాను. అంతా సరిగ్గానే ఉంది. తప్పేదో దొరికి ఉంటే ధైర్యం వచ్చేది. నాకు తప్పే కనబడలేదు.

"అప్పుడు పక్క మిషన్ తిరుగుతాండె," అందామె.

దాన్ని ఆన్ చేయించాను. మూత స్విచ్ కబురు బోర్డుకు మెదడు లాంటి మైక్రోకంట్రోలర్‌కు చేరేది ఆప్టోకప్లర్ గుండా, అంటే వెలుగుతో కబురు దాటించే చిన్న ముక్క గుండా. అందులో చిన్న దీపం వెలిగితే మూత మూసినట్టు లెక్క. దాని కాళ్లకు మీటర్ ఆనించాను. మూత తెరిచే ఉంది, అయినా అంకె పైకి లేచింది. స్విచ్ తీగ, పక్క మోటారు తీగ ఒకే పైపులో పోతున్నాయి. పక్క తీగ నుంచి అలా దూరిన కాస్త కరెంటుకే దీపం మిణుకుమంటోంది. ఆ కరెంటును తాగేసే రెసిస్టర్ నేను పెట్టలేదు. మిణుకుమన్నా చాలు, నా ప్రోగ్రాం నమ్మేసింది.

రెసిస్టర్ వేశాను. తీగలు విడదీశాను. మూత తెరిస్తే బోర్డుతో పని లేకుండా మోటారు కరెంటే తెగేలా కలిపాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇలాంటి బోర్డే పెనుకొండలో ఇంకొకరి మిషన్‌కూ బిగించాను.

అక్కడికి ఫోన్ చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

పెనుకొండ ఎలా చేరానో తెలియదు. షెడ్డు లోపల ఆ మిషన్ నడిపే పెద్దాయన మూత తెరిచి దాని మీదికి వంగి ఉన్నాడు. "చెయ్యి తీయండి!" అని అరిచి మెయిన్ ఆపేశాను.

ఆయన ఉలిక్కిపడి చూశాడు. విషయం చెప్పాను.

"అదామ్మా? నాలుగు దినాలాయ అట్ల జేస్తాంది. నా చెయ్యే యాడో తగుల్తాందనుకొని నీకు సెప్పల్యా."

బోర్డు ఊడదీస్తుంటే స్క్రూలు చేతిలోంచి జారిపోయాయి. ఆయనే వంగి ఒక్కొక్కటీ ఏరి ఇచ్చాడు.