ఎర్రకొండకు పెట్టిన బొట్టు

నా మాట ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ఆస్ట్రేలియా ఎడారిలో మాకు డిన్నర్ పెట్టిన టూర్ కంపెనీకి ఎన్ని మెయిళ్లు రాశానో లెక్కలేదు. పప్పుకూ మాంసానికీ ఒకే గరిటె వాడారని రాశాను. మమ్మల్ని చివరి టేబుల్‌కు నెట్టారని రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. కానీ ఆ మెయిళ్లలో ఎక్కడా రాయని సంగతి ఒకటుంది. దాన్ని మోయడం ఇక నా వల్ల కావడం లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఇంగ్లండ్‌లో మేముండే స్విండన్ నుంచి కొన్ని కుటుంబాలం కలిసి వెళ్లాం. మాతో సుశీల ఆంటీ ఉన్నారు. అక్కడి డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్ చూసి రిటైరైన మనిషి. మా దగ్గర ఏ తెలుగింట్లో ఫంక్షన్ జరిగినా, వెళ్లేటప్పుడు ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టి పంపేది ఆవిడే. పసుపు కుంకుమల భరిణ ఎప్పుడూ ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉండేది.

పొద్దు వాలుతుండగా ఆ ఎడారి మధ్యలోని ఎర్రకొండ చుట్టూ నడక మొదలైంది. గైడ్ అక్కడి ఆదివాసీ అమ్మాయే. ఆ కొండ తమ పెద్దలకు పవిత్రమైనదని, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పింది.

మేమూ రాయికి మొక్కేవాళ్లమేనని, ఒక్కసారి తాకి దండం పెట్టుకుంటానని అడిగాను. వద్దంది. ఇక్కడ చూడటమే మర్యాద అని నవ్వి ముందుకు నడిచింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. అందరి ముందూ నన్ను చిన్నబుచ్చిందనుకున్నాను.

ఆంటీకి మోకాళ్ల నొప్పులు. బ్యాగు నా చేతికిచ్చారు. ఒక మలుపు దగ్గర అందరూ ముందుకు వెళ్లేదాకా ఆగి, భరిణ తీశాను. సీసాలో నీళ్లతో పసుపు తడిపి రాతికి రాశాను. మధ్యలో కుంకుమ పెట్టాను. దండం పెట్టుకున్నాను. అది భక్తి అనుకున్నాను. నిజంగా భక్తేనా? ఆ కొండ మీద నాకంత గౌరవమే ఉంటే, దాన్ని తరతరాలుగా కొలుస్తున్నవాళ్లు చెప్పిన ఒక్క మాటను ఆ కాసేపైనా ఎందుకు మన్నించలేకపోయాను? పంతం. అంతే.

తర్వాత ఇసుకలో టేబుళ్లు వేసి ఆరుబయట భోజనం పెట్టారు. మేం తింటుండగా గైడ్ వచ్చింది. మా వెనక నడిచిన గుంపువాళ్లు ఆ బొట్టు చూసి ఆమెకు చెప్పారట. ఎవరు పెట్టారని అడిగింది. అందరి చూపూ చీర కట్టుకుని, నుదుట పెద్ద బొట్టుతో ఉన్న ఆంటీ మీదికే పోయింది.

"నేను పెట్టలే. బ్యాగే నా దగ్గర లేకుండె," అని ఆవిడ నా వైపు తిరిగారు. "నీ దగ్గర్నే ఉండె గద బిడ్డా. నువ్వన్నా చెప్పు."

నా వేళ్లకు అంటిన పసుపు ఇంకా వదల్లేదు. స్పూను పక్కన పెట్టి, చేత్తో పప్పన్నం కలుపుకుంటున్నాను. పప్పులో పసుపు ఎవరికి కనిపిస్తుంది?

"నేనేం చూడలేదాంటీ," అన్నాను.

గైడ్ తన భోజనం వదిలేసి, టార్చి, తడిగుడ్డ తీసుకుని కొండ వైపు వెళ్లిపోయింది. నేను ఇంకొంచెం పప్పు వేసుకున్నాను. గరిటె సంగతి గమనించింది అప్పుడే.

స్విండన్‌లో అది పెద్ద జోకైంది. "స్టోన్‌హెంజ్ రాళ్లు మన పక్కనే కదా ఆంటీ, వాటికెప్పుడు పెడుతున్నారు బొట్టు?" అనేవారు. మొదట్లో ఆవిడా నవ్వేవారు. తర్వాత ఫంక్షన్లకు భరిణ తేవడం మానేశారు. ఆ తర్వాత రావడమే మానేశారు. ఆ జోకుకు నేనూ నవ్వాను. ఒకసారి నేనే వేశాను కూడా.

పోయిన వారం ఆవిడకు వాట్సాప్‌లో అంతా చెప్పాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. మా తెలుగువాళ్ల గ్రూపులోనూ పెట్టాను. తర్వాత ఎవరో ఆదివారం లంచ్‌కు పార్కింగ్ ఎక్కడని అడిగారు. టూర్ కంపెనీకీ రాశాను, ఈసారి గరిటె గురించి కాదు. ఆ గైడ్‌కు నిజం చేరవేయమని. అక్కడి నుంచీ ఏమీ లేదు.

క్షమించమని నేను ఎవరినీ అడగడం లేదు. చెప్పేశాక కాస్త తేలికైంది, అదీ దాచను. కానీ జవాబు రాకపోతే ఊరుకునే మనిషిని కాను. ఆంటీ, తిట్టండి, మొహం చూపించొద్దనండి, మీ ఇష్టం. ఆ రోజు నన్ను చెప్పమన్నారు. ఆలస్యంగానైనా చెప్పాను. ఇప్పుడు మీరు చెప్పండి.