టక్కుమన్న గింజ

పొద్దున్నే నొసట పసుపు బండారి పెట్టుకొని, మల్లన్న పటానికి దండం పెట్టి, ఒక వడ్లగింజ కొరికితే తప్ప ఐలేశ్ చాయ్ ముట్టడు. కోతల కాలంలో కొడకండ్ల దారి పొడుగునా ఆరబోసిన ప్రతి కుప్ప దగ్గరా ఆగి, గింజను పంటికింద పెట్టేవాడు. టక్కుమంటే ఎండినట్టు. మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలన్నట్టు. ఈ విద్యకు ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు; పొగడ్తను మాత్రం వద్దనలేదు.

ఈ ఉగాది ముందర పళ్లన్నీ ఊడిపోయి, జనగామలో కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు. అప్పటినుంచి ఏ గింజ కొరికినా టక్కుమనేది. ఈ యాసంగి పంటను మల్లన్న చల్లగా చూశాడనుకున్నాడే గాని, అనుమానాన్ని తన నోటిదాకా రానివ్వలేదు. ఎండలు ముదిరి ఊరి వడ్లు వాటంతటవే ఎండుతూ ఆయన పరువు కాచాయి.

పక్కింటి సుగుణ ఒంటిమనిషి. మబ్బు పట్టిన రోజున, వడ్లు కొనుగోలు సెంటర్‌కు తోలాలా, ఇంట్లో రేకులకింద పోసుకోవాలా అని ఐలేశ్‌ను అడిగింది. తడిస్తే పంటంతా మొలకెత్తిపోతుంది. ఐలేశ్ కొరికాడు. టక్.

"ఎండినయక్కా. నామీద ఇడిసి తోలుకపో."

ఆమె ఆ మాట నమ్మి ట్రాక్టర్ మాట్లాడుకుంది. దారిలో ఎవరైనా పొగిడితే వినొచ్చని ఐలేశ్ కూడా ఎక్కాడు.

సెంటర్‌లో తేమ మిషన్ చూసే శ్రీలత గింజలు పోసింది. ఇరవై ఒకటి. పదిహేడు దాటితే కొనరు. మిషన్‌కు మతి తప్పిందన్నాడు ఐలేశ్. మళ్లీ పోయించాడు. తన అనుభవం చెప్పాడు, తన తండ్రి అనుభవమూ చెప్పాడు. మిషన్ ఎవరి అనుభవమూ వినలేదు.

"ఎండినట్టు నీకు అనిపిస్తున్నది బాపూ, గది నీ ముచ్చట" అంది శ్రీలత నెమ్మదిగా. "తేమ ఎంతున్నదో, గది వడ్ల ముచ్చట."

పెద్దమనిషి అరిచి అరిచి అలసిపోయాడని, తన డబ్బాలోని నానబెట్టిన శనగలు ఆయన చేతిలో పోసింది. కొరికాడు. టక్. ఇంకొకటి. టక్. ఐలేశ్ నోట్లోది మింగి, అనుమానంగా ఖాళీ నోరే మూసి చూశాడు. టక్. ఇన్నాళ్లూ ఆయన తీర్పు చెప్పింది ఊరి వడ్లమీద కాదు, తన కట్టుడు పళ్లమీద.

అంతలో ఉరిమింది. శ్రీలత టార్పాలిన్లు ఈడ్చుకొచ్చింది. ముగ్గురూ ట్రాక్టర్ దించిన కుప్పను కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. ఒక మూలకు రాయి చాలకపోతే ఐలేశే కూర్చున్నాడు. ఇవ్వాళ తనవల్ల అయిన పని ఇదొక్కటే అనుకున్నాడు. వాన దంచుతుంటే, సుగుణ ఖాళీ బస్తాను వానకు కప్పుకొనే కొప్పెరలా మడిచి ఆయన నెత్తిన కప్పింది. దానికన్నా తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

కుప్ప తడవలేదు. మర్నాడు ఎండ కాస్తే ఇద్దరూ పొద్దుగూకేదాకా వడ్లను కాళ్లతో తిరగేసి నెరుపుతూ ఆరబెట్టారు. శ్రీలత మిషన్ చూసి పదహారని చెప్పేదాకా ఐలేశ్ ఒక్క గింజా నోట పెట్టలేదు.

బస్తాలు కాంటా ఎక్కుతుంటే సుగుణ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, జర ఒక్క మేలు చెయ్యి. ఇగ నేను ఏదన్న గట్టిగ చెప్తే, 'తమ్మీ, చూసినవా, ఉత్తగ అనిపిచ్చిందా' అని అడుగు. పదిమంది ముంగట్నే అడుగు."