ఇటలీ కొండల్లో తెల్ల గ్రావెల్ దారి

కెనడాలోని హాలిఫాక్స్ వచ్చాక మా ఆయనకి సైకిలు పిచ్చి పట్టింది. వరంగల్లో చదువుకునే రోజుల్లో కాలేజీకి సైకిలు మీద వెళ్ళిన మనిషే. అప్పుడది అవసరం, ఇక్కడ వ్రతం. శనివారం పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని బయల్దేరితే మధ్యాహ్నానికి మోకాళ్ళదాకా బురదతో తిరిగొచ్చేవారు.

నాది వేరే సంగతి. తెనాలిలో చిన్నప్పుడు అద్దె సైకిలు తొక్కినదాన్నే గానీ, ఓణీలు వేసుకునే వయసులో మానేశాను. ఇక్కడ ఆఫీసుకి బస్సులోనో ఫెర్రీలోనో వెళ్తాను. నడిచి వెళ్తున్నప్పుడు కూడా పక్కనుంచి ట్రక్కు పోతే నాకు భుజాలు బిగుసుకుపోతాయి.

ఒక చలికాలం సాయంత్రం, బయట మంచు పడుతుండగా, ఆయన ఫోను తెచ్చి నా ముందు పెట్టారు. పచ్చటి గుట్టల మధ్య సుద్దముక్కతో గీసినట్టు ఒక తెల్లటి దారి. గుట్ట ఎక్కి, దిగి, సన్నగా పొడుగ్గా నిలబడ్డ చెట్ల వరస పక్కనుంచి మలుపు తిరిగి పోతోంది.

"ఇది టస్కనీ, ఇటలీల. దారి మొత్తం గ్రావెలే, సన్న కంకర. జూన్‌ల పోదామా ఇద్దరం?"

"నేనా? సైకిలు మీదా?"

"నీకు భయం కార్లంటేనే గద. ఈ దారుల్ల కార్లే ఉండవంటున్న."

వాంకూవర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి వీడియో కాల్‌లో చెబితే కాసేపు పడీపడీ నవ్వింది. "డూ ఇట్, అమ్మా. వర్స్ట్ కేస్, నాన్న విల్ పుష్ యూ," అంది.

మంచు కరగగానే ప్రాక్టీసు మొదలుపెట్టాం. ఊరవతల పాత రైలు పట్టాలు తీసేసిన చోట గ్రావెల్ పరిచి సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలేశారు. అటూ ఇటూ చెట్లు, మధ్యమధ్య నీళ్ళు. కుక్కల్ని తిప్పుకునేవాళ్ళు తప్ప ఎవరూ ఎదురు రారు. మొదట్లో రాళ్ళ మీద చక్రం కాస్త జారితే చాలు, బ్రేకు పట్టేసి కాలు కింద పెట్టేసేదాన్ని. "హ్యాండిలు అంత గట్టిగ పట్టకు. బండి దాని దారి అది చూస్కుంటది," అని వెనకనుంచి ఆయన చెబుతూనే ఉండేవారు. వేసవి వచ్చేసరికి ఆ బాట చివరిదాకా వెళ్ళి మళ్ళీ రాగలిగాను. ఇంటికొచ్చి అద్దంలో నన్ను నేను రెండుసార్లు చూసుకున్నాను.

అయితే ఒక్క సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. రైలు కోసం వేసిన బాట బల్లపరుపుగా ఉంటుంది. టస్కనీలో ఆ తెల్లదారులు వేసింది ఎడ్లబండ్ల కోసం. వాటికి కొండంటే లెక్కలేదు.

జూన్‌లో అక్కడ మొదటిరోజు సగం దారి సైకిలు తోసుకుంటూ నడిచాను. దిగుడు దారిలో కూడా భయపడి నడిచాను. రెండో రోజుకి ఒక చిట్కా దొరికింది. అన్నిటికన్నా చిన్న గేరు వేసుకుని, ముందున్న ఎక్కుడు వంక చూడకుండా, చక్రం ముందున్న రాళ్ళని మాత్రమే చూస్తూ నెమ్మదిగా తొక్కితే కొండ ఎక్కడం సాధ్యమే. ఆయనది ఇంకో పద్ధతి. పరుగు పందెంలా ఎక్కేసి, పైన నిలబడి నాకోసం చూడటం.

తర్వాతి రోజు ఎండ బాగా కాసింది. పెద్ద ఎక్కుడు ఒకటి వచ్చింది. నేను చేరేసరికి సగంలో ఆయన ఆగిపోయి ఉన్నారు.

"నువ్వు పో. నీళ్ళు తాగి మెల్లగ వస్త."

నా చిన్న గేరుతో నేను పైదాకా వెళ్ళాను. పైన అత్తిచెట్టు నీడలో కూర్చున్నాను. ఎంతసేపటికీ ఆయన రాలేదు. ఫోను చేస్తే తీయలేదు. సైకిలెక్కి ఆ దిగుడంతా తొక్కుకుంటూనే దిగిపోయాను. బ్రేకు ఎక్కడ పట్టానో, ఎక్కడ వదిలానో కూడా గుర్తులేదు.

దారి పక్కన ఒక రైతు ఇల్లు ఉంది. దాని గేటు దగ్గర గడ్డిలో మా ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఒక ముసలాయన ఆయన కాలు పైకెత్తి పట్టుకుని, పాదాన్ని వెనక్కి నొక్కుతున్నాడు. పిక్క పట్టేసిందన్నమాట. నొక్కిన ప్రతిసారీ మా ఆయన "అమ్మా" అంటున్నారు.

నన్ను చూడగానే ముసలాయన ముఖం వెలిగిపోయింది. కాలు దించి, టోపీ తీసి, "మమ్మా!" అన్నాడు. లోపలికి పరుగెత్తినంత పని చేసి కుర్చీ తెచ్చి నాకు వేశాడు. మా ఆయన్ని చూపిస్తూ, ఏం భయం లేదన్నట్టు నా చెయ్యి తట్టాడు. నేను జుట్టుకి రంగు మానేసి చాలా కాలమైంది. మా ఆయన మాత్రం మానలేదు.

"మీరు అమ్మా అమ్మా అని అరుస్తున్నారు కదా, నన్ను మీ అమ్మనుకుంటున్నాడు," అన్నాను.

మా ఆయన మూలుగు ఆగిపోయింది. "భార్య అని చెప్పు ఆయనకు."

"ఇటాలియన్‌లో భార్యని ఏమంటారో నాకేం తెలుసండీ? పైగా కుర్చీ బాగుంది."

ఇంతలో ముసలాయన భార్య నిమ్మకాయ నీళ్ళలో ఉప్పేసి పట్టుకొచ్చింది. ఆవిడ నన్నూ మా ఆయన్నీ ఒక్కసారి చూసి, తన వేలి ఉంగరం చూపించి కనుబొమలెగరేసింది. నేను తలూపాను. ఆవిడ భుజం మీది తువ్వాలు తీసి మొగుణ్ణి ఒక్కటి వేసి, చాలాసేపు ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆ ధోరణి మాత్రం నాకు బాగా తెలిసిందే. ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. ఆఖరికి నలుగురం నవ్వుకున్నాం. రొట్టె, టమాటాలు, వాళ్ళ చెట్ల ఆలివ్ నూనె పెట్టారు. కాలు చాపుకుని కూర్చున్న మా ఆయనే ఎక్కువ తిన్నారు.

తిన్నాక ముసలాయన షెడ్డులోంచి మన ట్రాలీ ఆటో లాంటి మూడు చక్రాల బండి తీశాడు. మేము రాత్రికి దిగాల్సిన ఊరికి తీసుకెళ్తానని సైగ చేశాడు. మా ఆయన్ని ముందు ఇరికించుకుని, సైకిలు వెనక పడేశాడు.

"నువ్వు గూడ ఎక్కు, వెనక జాగుంది," అన్నారు మా ఆయన.

నేను దారి వంక చూశాను. "నేను తొక్కుకుంటూ వస్తాను."

"ఒక్కదానివా? దారి తెలుస్తదా?"

"తెల్లదారి ఉన్నది ఒక్కటే కదండీ."

బండి దుమ్ము రేపుకుంటూ తారురోడ్డు వైపు పోయింది. ఆ దుమ్ము అణిగాక ఇక చప్పుడే లేదు. ఎండుతున్న గోధుమ చేలు, వాటి అంచున ఎర్రటి పూలు, దూరంగా గుట్ట మీద రాతి ఇళ్ళు. చక్రాల కింద రాళ్ళు నలిగే చప్పుడొక్కటే. ఒక కుందేలు దారికడ్డంగా వచ్చి, నన్ను చూసి, పెద్దగా ఖాతరు చేయకుండానే వెళ్ళిపోయింది. వినేవాళ్ళెవరూ లేరు కదా అని పాట అందుకున్నాను. పల్లవి పూర్తయ్యేలోపే ఎక్కుడు వచ్చింది. మిగతాది దిగుడులో పాడుకున్నాను.

ఊరి చౌక్‌లో కాఫీ హోటలు బయట మా ఆయన ఒక కుర్చీలో తనూ, ఇంకో కుర్చీలో కాలూ పెట్టుకుని ఐస్‌క్రీమ్ తింటున్నారు. నా ముఖం నిండా తెల్ల దుమ్ము.

"భయం కాలేదా?"

"ఆయాసమైంది. భయం సంగతి గుర్తే రాలేదు."

ఆయన లేచి, కుంటుకుంటూ వెళ్ళి నాకూ ఒక ఐస్‌క్రీమ్ తెచ్చారు.

మిగిలిన రోజుల్లో ఆయన ముందుకి దూకలేదు. కార్లు రాని దారి కాబట్టి ఇద్దరం పక్కపక్కనే తొక్కాం. అమ్మాయి ఉద్యోగం గురించీ, ఇంటి పైకప్పు బాగుచేయించడం గురించీ, రాత్రి ఏం తినాలన్న దాని గురించీ మాట్లాడుకున్నాం. ఎక్కుడు వస్తే మాట ఆగేది. పైకి చేరాక, ఊపిరి తిరిగొచ్చాక, ఎక్కడ ఆపామో అక్కడినుంచి మళ్ళీ అందుకునేవాళ్ళం.