‘చేయి చేసుకున్నారండి’: ఫరీదాబాద్ ఠాణాలో ఒక రోజు

గృహహింస కేసుల్లో పోలీసులతో కలిసి పనిచేసే కౌన్సెలర్ ఉద్యోగంలోకి రావాలనుందనీ, ఆ పనిలో ఒక రోజు ఎలా గడుస్తుందో రాయమనీ కొందరు చెల్లెళ్ళు అడుగుతున్నారు. అందుకే మొన్నటి ఫరీదాబాద్ ప్రయాణం రాస్తున్నాను. పేర్లు మార్చాను, మిగతాదంతా జరిగినదే. నేనుండేది బేర్ సరాయ్‌లో, ఒక పుస్తకాల షాపు మీది గదిలో. సాకేత్‌లోని మా ఆఫీసుకు వెళ్ళే ముందు మెస్‌లో పరాఠా ముందు కూర్చున్నానో లేదో, ఫరీదాబాద్ నుంచి ఎస్సై సుమన్ ఫోన్ చేసింది. “దీదీ, మీ తెలుగామె ఒకరు వచ్చారు. భర్త చేతికి దెబ్బ తగిలింది, ఈమె ఏడుపు ఆపట్లేదు. మీరొచ్చి ఇద్దరికీ నచ్చజెబితే రాజీ రాయించి ఇంటికి పంపేస్తా” అంది హిందీలో. పరాఠా సగంలో వదిలేశాను. ఈ ఉద్యోగంలో నేను పూర్తిగా తిన్న పరాఠాలు తక్కువే.

బేర్ సరాయ్ నుంచి వెళ్ళేవాళ్ళు ఐఐటీ మెట్రో స్టేషన్ దాకా ఆటో తీసుకోండి. యాభై రూపాయలకు మించి ఇవ్వక్కర్లేదు. మెజెంటా లైన్‌లో కల్కాజీ మందిర్ దాకా వెళ్ళి, అక్కడ వయొలెట్ లైన్‌లోకి మారితే నేరుగా ఫరీదాబాద్. మొత్తం గంటన్నర లోపే. బాటా చౌక్‌లో దిగి ఠాణాకు పోవాలనగానే ఆటో అతను, “ఏమైనా పోయిందా దీదీ?” అని అడిగాడు. “వెళ్తే గానీ తెలీదు భయ్యా” అన్నాను. పాపం, జాలిపడి పది రూపాయలు తగ్గించాడు. నేను వద్దనలేదు.

ఠాణా వరండాలో ఒకాయన చేతికి తెల్లటి కట్టుతో, చాలా ఓర్పుగా కూర్చుని ఉన్నాడు. అతనే భర్త. లోపల గదిలో అతని భార్య సలోమి. భీమవరం దగ్గరి అమ్మాయి, ఇక్కడొక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయి ఇక్కడికొచ్చి ఏడాది కూడా కాలేదు. ఆసుపత్రిలో ఇంగ్లీషుతో, వచ్చీరాని హిందీతో నెట్టుకొస్తోంది. ఆ పూట మాత్రం నోట తెలుగు తప్ప ఇంకేదీ రాలేదు. అందుకని వాళ్ళింటి పై అంతస్తులో ఉండే జెన్నీ తోడొచ్చి, ఆమె మాటలు పోలీసులకు హిందీలో చెప్పింది. జెన్నీ కాలేజీ అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో ఇస్తుంది.

“ఈమె చెప్పేది నమ్మేలా లేదు దీదీ, ఈమే ఏదో విసిరి ఉంటుంది. భర్త మంచివాడు, కంప్లయింట్ ఇవ్వనంటున్నాడు. ఆమెను ఇంటికి తీసుకెళ్తే చాలంట” అంది సుమన్. రాజీ కాగితం అప్పటికే సిద్ధంగా ఉంది. సలోమి సంతకం పెడితే అతనితో ఆ ఇంటికి వెళ్ళిపోవాల్సిందే. నేను తలుపు దగ్గరగా వేసి ఆమె పక్కన కూర్చున్నాను.

“భయపడకమ్మా, నేనూ తెలుగుదాన్నే. మాది నల్లగొండ. ఏమైంది?”

“చేయి చేసుకున్నారండి. పొద్దుట్నించీ అదే చెప్తున్నానండి. ఎవరూ పట్టించుకోట్లేదండి.”

జెన్నీని పిలిచి, ఎస్సైగారికి ఏం చెప్పావని అడిగాను. “యహీ బోలా ఆంటీ. అంకుల్‌నే అప్‌నే హాథ్ కో కుఛ్ కర్ లియా” అంది. అంకుల్ తన చేతికి తానే ఏదో చేసుకున్నాడట! ఎదురుగా కట్టు కనబడుతుంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? నేను సుమన్‌ను కూడా లోపలికి పిలిచి విడమరిచి చెప్పగానే ఆమె నోరు తెరిచింది. “చేయి చేసుకోవడమంటే కొట్టడమా? ఇదేం భాష దీదీ!”

“మీరు ‘హాథ్ సాఫ్ కర్ దియా’ అంటే చేతులు కడుక్కున్నట్టా, దొంగతనం చేసినట్టా?”

సుమన్ నవ్వబోయి ఆగిపోయింది. కుర్చీ సలోమి దగ్గరికి లాక్కుంది. సుమన్ హిందీలో అడిగినదాన్ని నేను తెలుగులో అడిగాను.

“మొహం మీదకి చెయ్యెత్తారండి. నేను వంగిపోయానండి. చెయ్యెళ్ళి బాల్కనీ తలుపు అద్దానికి తగిలిందండి.”

“మరి కట్టు ఎవరు కట్టారు?”

“నేనేనండి. రక్తం అలా కారిపోతుంటే చూస్తా ఎలా ఊరుకుంటామండి?”

చున్నీ పక్కకు జరిపి మెడ మీది పాత మచ్చలు చూపించింది. నాకు దుఃఖం ఆగలేదు. తనను కొట్టబోయిన చేతికే కట్టు కట్టిన పిల్లను, అంతసేపూ కొట్టినదాని కింద జమకట్టారు. “ఇంటికి వెళ్తావా అని అడగండి” అంది సుమన్. అడిగాను.

“వెళ్ళను” అంది సలోమి. అప్పటిదాకా ‘అండి’ లేకుండా ఆమె నోట ఒక్క మాట రాలేదు. సుమన్ ఆ మాటకు అర్థం అడగలేదు. రాజీ కాగితం రెండు ముక్కలు చేసింది.

తర్వాత వైద్య పరీక్ష, కంప్లయింట్. మధ్యాహ్నం దాటాక సుమన్ జీపులో వెళ్ళి సలోమి బట్టలు, సర్టిఫికెట్లు తెచ్చుకున్నాం. ఆమె వార్డు సిస్టర్ నర్సుల హాస్టల్లో మంచం ఇప్పించింది. నేను మెట్రోకి ఆటో ఆపుతుంటే, అప్పటిదాకా మాతోనే ఉన్న జెన్నీ వెనకే వచ్చి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది.

“ఆంటీ, మమ్మీ భీ నానీ కో ఫోన్ పే యహీ బోల్తీ హై” అంది. వాళ్ళమ్మ కూడా అమ్మమ్మకి ఫోన్లో ఇదే మాట చెబుతుందట. చిన్నప్పటి నుంచీ ఈ పిల్ల, నాన్న చేతికేదో అయిందనే అనుకుంటూ వచ్చిందట.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో చట్టం బాగా తెలిస్తే చాలనుకునేదాన్ని. చట్టం కావాలి, కాదనను. కానీ ఆడవాళ్ళు తమ దెబ్బల గురించి చెప్పకుండా ఏమీ ఉండరు. ఎన్నోసార్లు, ఎంతో మర్యాదగా చెబుతారు. వినేవాళ్ళకే అది మామూలు మాటలా వినిపిస్తుంది. ఇక ఈ దారిన వచ్చేవాళ్ళకు నా సలహా ఒక్కటే: సాయంత్రం వయొలెట్ లైన్‌లో ఎంత రద్దీ ఉంటుందన్నా సరే, తిరుగు ప్రయాణానికి టైమ్ పెట్టుకోకండి. వాళ్ళ నాన్న డ్యూటీ నుంచి రావడానికి ఇంకా గంట ఉందని జెన్నీ చెప్పింది. నేను ఆటోను పంపేసి ఆ అమ్మాయి వెంట వాళ్ళింటికి నడిచాను.