రుమాలు కింద ఎన్నిక

నేను చరిత్ర చెప్పినంత కాలం దాన్ని బేరంగానే చెప్పాను. ఇంకో విధంగా చెప్పడం నాకు చేతకాలేదు. ఇంగ్లాండు రాజు తన ప్రభువులకు హక్కుల పత్రం రాసిచ్చాడని పుస్తకంలో ఉంటే, వాళ్ళు అతని అవసరం కనిపెట్టి గట్టిగా పట్టుకున్నారని బెల్లం, నూనె అమ్మే ఇంట్లో పుట్టినవాడికి వెంటనే అర్థమవుతుంది. ఫ్రెంచి విప్లవం నా నోట బేరం చెడి కొట్లాటకు దిగిన కథ. పిల్లలు చెవులప్పగించి వినేవాళ్ళు. పరీక్షలో అదే రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు.

రాజూరా హైస్కూల్లో నేను చేరినప్పుడు మాది హైదరాబాదు రాష్ట్రం. రాష్ట్రాలను విడదీసి కలిపిన ఆ సంవత్సరాల్లో మా తాలూకా మొదట బొంబాయి రాష్ట్రంలోకి, నాందేడ్ జిల్లా కిందికి పోయింది. తర్వాత నది అవతలి చాందా జిల్లాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు మారింది. నేనూ, బడీ, నల్లబల్లా ఉన్నచోటనే ఉన్నాం. నేను చదివింది ఉర్దూలో, మాట్లాడేది తెలుగులో, ఇకమీదట చెప్పవలసింది మరాఠీలో. గోడమీది పటంలో మాత్రం మేం ఇంకా పాత రాష్ట్రంలోనే వేలాడుతున్నాం. కొత్త పటం కోసం రాస్తే పాత జిల్లా ఆఫీసు కొత్తవాళ్ళను అడగమంది, కొత్త ఆఫీసు పాతవాళ్ళను అడగమంది. చరిత్రతోపాటు చెప్పే పౌరశాస్త్రంలో ‘ప్రభుత్వం అనగానేమి’ అన్న పాఠం ఆ పటం కింద నిలబడే చెప్పేవాణ్ణి.

అలాంటి రోజుల్లో హెడ్మాస్టరు ఒక కబురు చెప్పాడు. చాందా నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడట. పాత రాష్ట్రం నుంచి మిగిలిపోయిన మాస్టర్ల పాఠాలు వింటాడట. నచ్చకపోతే ప్రైమరీ బడికి దింపేస్తాడట. మా ఇంట్లో నా పతనానికి ఏర్పాట్లు అప్పుడే మొదలయ్యాయి. దుకాణం చూసుకునే మా అన్న తక్కెడలో కందిపప్పు జోకుతూ అన్నాడు:

“చిన్న పోరగాండ్లతోని అక్షరాలు దిద్దిచ్చుడెందుకు తమ్మీ? దుకాణంల కూసో. గిరాకీతోని నువ్వు మాట్లాడు, గల్లా నేను చూస్కుంట.”

గల్లాపెట్టె అన్న చేతిలో ఉంటే నాకు మిగిలేది నోటి నొప్పి. హైస్కూలు పోతే జీవితాంతం అన్న కనుసన్నల్లో బెల్లం కొట్టాలి. అందుకని ఇన్‌స్పెక్టరు కళ్ళు చెదిరే పాఠం ఒకటి చెయ్యాలనుకున్నాను. మాటలతో కాదు, నా మరాఠీ అంత దూరం రాదు. ఆయన ముందే తొమ్మిదో తరగతి నాయకుడికి రహస్య ఓటుతో ఎన్నిక జరిపిస్తాను. ప్రజాస్వామ్యం దానంతటదే నడుస్తుంటే నేను చేతులు కట్టుకుని నిలబడితే చాలు.

ముందురోజు పిల్లలకు వివరించాను. రహస్య ఓటు ఎందుకో ఎంత చెప్పినా వాళ్ళ మొహాల్లో వెలుగు రాలేదు. అప్పుడు నాకు పశువుల అంగడి గుర్తొచ్చింది. అక్కడ ఎద్దు ధర ఎవరూ పైకి చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు రుమాలు కింద పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఒక్కడికీ తెలియదు. ఓటు కూడా అట్లాగే రుమాలు కింద పని, ఎవరికీ కనబడొద్దు అన్నాను. తరగతి మొత్తం తలలూపింది. ఇంత తొందరగా తలలూపారంటే అనుమానించాల్సింది. సరుకు చూడకుండా ధరకు ఒప్పుకునే గిరాకీని నేను ఇంతవరకు చూడలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నల్లటోపీ, తెల్లధోతి, ముఖంలో ఓపిక. బల్లమీద రెండు డబ్బాలు పెట్టి, వాటిమీద మా ఇంటి పెద్ద రుమాలు కప్పాను. పోటీదార్లు ఇద్దరు, ఒకడు ధాన్యం వ్యాపారి కొడుకు, ఒకడు బట్టల వ్యాపారి కొడుకు. ఎవరి డబ్బా వెనక వాళ్ళు నిలబడ్డారు. మిగతా పిల్లల్లో ఒక్కొక్కరి చేతికి ఒక చింతగింజ ఇచ్చాను. దాన్ని నచ్చినవాడి డబ్బాలో వేయాలి, అంతే.

మొదటి పిల్లవాడు రుమాలు కింద చెయ్యి పెట్టాడు. చెయ్యి బయటికి రాలేదు. ధాన్యం వ్యాపారి కొడుకు చెయ్యి కూడా రుమాలు కిందే ఉంది. ఇద్దరి ముఖాలూ పైకప్పు చూస్తున్నాయి. తర్వాత ఆ పిల్లవాడు పక్కకు జరిగి రెండో డబ్బా దగ్గర చెయ్యి పెట్టాడు. రుమాలు అలల్లా కదులుతోంది. వేళ్ళు పట్టుకుని ఓటుకు ఎన్ని రేగుపండ్లో తేల్చుకుంటున్నారని నాకు అప్పుడు తెలిసింది. ఆపమని నేను సైగ చేస్తే, ఆ పిల్లవాడు నన్నే మందలించాడు:

“బేరం ఇంకా తెగలే సార్. జర ఆగుండ్రి.”

వరుసలోని వాళ్ళూ అదే పని చేశారు. బేరం కుదరని కొందరు గింజను జేబులో వేసుకుని వెళ్ళి కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు ఏమి జరుగుతోందని అడిగాడు. నాకు వచ్చిన మరాఠీ అంతా ఒక్కసారిగా నది దాటి పోయింది. హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరు మంచివాడే. ఆట ఆపించి, మమ్మల్ని గట్టెక్కించాలని సులువైన ప్రశ్న వేశాడు. మీ తాలూకా మా జిల్లాలో కలిసింది కదా, అది ఎవరి నిర్ణయం? ‘ప్రజల కోరిక’ అంటే సరిపోయేది. పుస్తకంలో ఆ మాటే ఉంది, నేను వల్లె కూడా వేయించాను. కానీ లేచింది కోర్పనా వైపు రైతుకుటుంబం పిల్ల. తరగతిలో ఉన్న ఇద్దరు ఆడపిల్లల్లో ఒకతె. ఆయనను చూడకుండా నన్ను చూసి తెలుగులో చెప్పింది:

“గిది గూడ రుమాల్ కిందనే అయింది సార్. పెద్దోళ్ళు చేతులు పెట్టిండ్రు. మేం ఎడ్లం. ఎవలింటికి పోతున్నమో ఎడ్లకేం ఎరుక? పగ్గం మారినంక తెలుస్తది.”

మరాఠీలో చెప్పమని ఇన్‌స్పెక్టరు నావైపు తిరిగాడు. కొంచెం తగ్గించి చెబుదామని నాలుక దాకా వచ్చింది. కానీ తరగతి సగానికి రెండు భాషలూ వచ్చు. అంతమంది చూస్తుండగా తూకం తగ్గించే వ్యాపారి ఎవడూ ఉండడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఆ పిల్లను చూసి, ఇది మీరు నేర్పారా అని నన్నడిగాడు. రుమాలు మాత్రమే నాది, ఎద్దును ఆమె ఇంటినుంచి తెచ్చుకుంది అన్నాను. ఆయన నవ్వలేదు.

వరండాలోకి పిలిచి, పిల్లలు చురుకైనవాళ్ళే గానీ మీరు చెప్పేది పౌరశాస్త్రం కాదు, అంగడి అన్నాడు. ప్రైమరీ మాట ఆయన నోట రాకముందే నేను అందుకున్నాను. మా లెక్కల మాస్టరు ఆంధ్రకు పోయాడు, ఆ చోటు ఖాళీగా ఉంది, లాభనష్టాలు నాకు ఉగ్గుపాలతో వచ్చాయి, హైస్కూల్లోనే ఉంచితే లెక్కలు చెబుతాను అన్నాను. చాయ్ వచ్చేలోపల బేరం కుదిరింది. ఆయన జీపు గేటు దాటేదాకా నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ తర్వాత తట్టింది, చరిత్ర నాకే ఉంచమని నేను ఒక్కసారి కూడా అడగలేదని. దాన్ని ఇమ్మని ఆయన కూడా అడగలేదు. దుకాణంలో ఉన్న ఒక్క మంచి సరుకును నేనే ఎత్తి ఆయన సంచీలో వేశాను.

చరిత్రకు చాందా నుంచి కొత్త మాస్టరు వచ్చాడు. పద్ధతైన మనిషి, తెల్లవారితే చాలు నిర్వచనాలు. మా గదికీ ఆ గదికీ మధ్య చెక్కల అడ్డం ఒక్కటే. నేను వడ్డీ లెక్క వేయిస్తుంటే అవతల తొమ్మిదో తరగతి ప్రజాస్వామ్యం అంటే ఏమిటో మరాఠీలో ముక్తకంఠంతో చెప్పేది. నాకంటే బాగా చెప్పించేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఒకరోజు ఆ పాట మధ్యలో ఆగింది. ఎడ్ల మాట చెప్పిన ఆ పిల్ల గొంతు ఏదో అడిగింది. నేను సుద్దముక్క ఎత్తిపట్టుకుని చెవి అటు పెట్టాను. మాట స్పష్టంగా వినపడలేదు. “ఖాలీ బస్” అన్న మాస్టరు గొంతు మాత్రం వినపడింది, కూర్చో అని. బెంచీ కిర్రుమంది. పాట మళ్ళీ మొదటినుంచి మొదలైంది. తర్వాతి లెక్క చెప్పమని మా పిల్లలు అడిగేదాకా నేను ఆ చెక్కల అడ్డం వైపే నిలబడి ఉన్నాను.